బీరు రెసిపీ షీట్: లెక్క ఒకటి చెబితే హైడ్రోమీటర్ ఇంకోటి చెబుతున్నప్పుడు

అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటూ గరాజ్‌లో సొంతంగా బీరు బ్రూ చేసుకునేవాళ్ల కోసం ఇది. అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టంతో దీనికి ఫెడరల్ స్థాయిలో దారి దొరికింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ ఆపైన ఉంటే 200 గ్యాలన్లు పన్ను కట్టకుండా చేసుకోవచ్చు, అమ్మకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా చేస్తే అది ఎక్సైజ్ నేరం. సెలవులకి ఊరెళ్లినప్పుడు బావమరిదికి చూపించాలని సరదా పుడితే షీట్ వరకే చూపించండి.

ఎక్సెల్ అయినా గూగుల్ షీట్స్ అయినా కూడికలు, గుణకారాలు తప్పు చేయవు. తప్పంతా దాదాపు రెండు చోట్లే ఉంటుంది: యూనిట్లు, ఇంకా "లీటర్లు" అని రాసిన సెల్‌లో మనం ఏ లీటర్లు పెట్టామన్నది. కింద అన్ని లెక్కలకీ ఒకే రెసిపీ వాడుతున్నాను: 5 కిలోల పేల్ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన లేత రంగు బార్లీ), ఫెర్మెంటర్‌లోకి (పులియబెట్టే పాత్రలోకి) 20 లీటర్లు, 70 శాతం ఎఫిషియెన్సీ (మాల్ట్‌లో ఉన్న చక్కెరలో మనకి దక్కే వాటా). కిలో పేల్ మాల్ట్ నుంచి పూర్తిగా రాబట్టగలిగితే లీటరు వోర్ట్‌కి (మాల్ట్ నుంచి తీసిన తీపి ద్రవానికి) సుమారు 300 పాయింట్లు వస్తాయి; 1.052 అన్న గ్రావిటీలో 52 ఎంతో అవే పాయింట్లు. 5 × 300 × 0.70 చేసి 20తో భాగిస్తే 52.5. అంటే ఓజీ (ఒరిజినల్ గ్రావిటీ, పులియకముందు హైడ్రోమీటర్‌తో కొలిచే వోర్ట్ సాంద్రత) 1.052 దగ్గర. మీ షీట్‌లో ఇవే అంకెలు వేసి చూడండి. ఇదే జవాబు రాకపోతే మీ రెసిపీ సంగతి తర్వాత, ముందు షీట్ సంగతి చూడాలి.

ఓజీ 1.006 అంటోంది

మాల్ట్ పట్టికని అమెరికన్ పుస్తకం నుంచి ఎత్తి, బరువులు మాత్రం కిలోల్లో వేశారన్నమాట. అక్కడ పేల్ మాల్ట్‌కి 36 అని ఉంటుంది. అది పౌండుకి, గ్యాలన్‌కి లెక్క. ఆ 36ని కిలోలు, లీటర్లతో కలిపితే 6.3 పాయింట్లే వస్తాయి. పట్టిక పక్కన ఇంకో కాలమ్ పెట్టి ప్రతి అంకెనీ 8.345తో గుణించండి. 36 కాస్తా 300 అవుతుంది, చక్కెర 46 కాస్తా 384 అవుతుంది. ఇక ఆ పాత కాలమ్ వైపు చూడొద్దు.

అంకె మరీ వింతగా లేకుండా పది పాయింట్లు అటూ ఇటూ ఉంటే గ్యాలన్‌ని అనుమానించండి. అమెరికన్ గ్యాలన్ 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలన్ 4.546. "5 గ్యాలన్లు" అన్న ఒకే మాటకి ఒకచోట 19 లీటర్లు, ఇంకోచోట దాదాపు 23. మన 5 కిలోల మాల్టే మొదటి దాంట్లో 1.055 ఇస్తుంది, రెండో దాంట్లో 1.046 ఇస్తుంది. రెసిపీ ఏ దేశానిదో చూడకుండా గ్యాలన్లని మార్చకండి.

జర్మనీలో ఉన్నవాళ్లకి ఇంకో తంటా ఉంది. అక్కడి సెట్టింగ్స్‌లో దశాంశానికి కామా, వేలకి చుక్క. మీరు 1.050 అని కొడితే షీట్ వెయ్యీ యాభై అనుకుంటుంది. ఫైల్ లొకేల్ మార్చుకోండి, లేదంటే అక్కడివాళ్లలాగే ప్లేటో డిగ్రీల్లో (వోర్ట్‌లోని చక్కెర శాతంలో) పని చేసుకోండి.

ప్రతిసారీ ఓజీ ఐదారు పాయింట్లు తక్కువొస్తోంది

ఎక్కువమంది తల పట్టుకునేది ఇక్కడే. షీట్ 1.058 అంటుంది, హైడ్రోమీటర్ 1.052 దగ్గర ఆగుతుంది. వెంటనే చేసే పని ఎఫిషియెన్సీ సెల్‌లోకి వెళ్లి అంకె తగ్గించడం. పాపం ఆ సెల్‌ని అందరూ పాపాల భైరవుణ్ణి చేస్తారు. అలా చేస్తే ఈ బ్యాచ్‌కి లెక్క కుదురుతుంది, మాల్ట్ ఎక్కువ వేసే వచ్చే బ్యాచ్‌కి మళ్లీ తప్పుతుంది.

ముందు మూడు రకాల లీటర్లని విడదీయండి. మరిగించే ముందు కెటిల్‌లో 26 లీటర్లు. గంట మరిగాక 22. అడుగున హాప్స్ (చేదు కోసం వేసే పువ్వులు), మడ్డి వదిలేసి ఫెర్మెంటర్‌లోకి వంచేది 20. ఆ 20 లీటర్లు 1.0525 దగ్గర ఉంటే అందులో 1,050 పాయింట్లున్నాయి. 5 కిలోల మాల్ట్‌లో ఉన్న మొత్తం 1,500లో అది 70 శాతం. కానీ కెటిల్‌లోని 22 లీటర్లలో ఉన్నవి 1,155 పాయింట్లు, అంటే 77 శాతం. రెండూ నిజమే. మొదటిది మొత్తం పనికి సంబంధించిన ఎఫిషియెన్సీ, రెండోది మాష్‌ది, అంటే మాల్ట్‌ని వేడినీళ్లలో నానబెట్టే దశది. కెటిల్ దగ్గరి 77ని తీసుకుని ఫెర్మెంటర్ దగ్గరి 20తో భాగిస్తే 57.75 వస్తుంది. మీ షీట్ చూపించే 1.058 అదే. 77 వాడితే 22తో, 70 వాడితే 20తో భాగించాలి. లీటర్ల కోసం మూడు సెల్స్ పెట్టి ప్రతిదానికీ పేరు రాయండి. ఉత్త "వాల్యూమ్" అని ఒక్క సెల్ ఉన్న షీట్‌ని నేనైతే నమ్మను.

ఇది సరిచేశాక కూడా తేడా ఉంటే ఒక పరీక్ష ఉంది. మరిగేటప్పుడు నీళ్లు పోతాయి కానీ చక్కెర పోదు. కాబట్టి ముందూ తర్వాతా పాయింట్లని లీటర్లతో గుణిస్తే ఒకే అంకె రావాలి: 44.4 × 26, 52.5 × 22, రెండూ 1,155 దగ్గరే. రాకపోతే మీ కొలతల్లోనే ఏదో తేడా ఉంది. మరుగుతున్న వోర్ట్‌ని స్కేల్‌తో కొలిస్తే సుమారు 4 శాతం ఎక్కువ కనిపిస్తుంది, చల్లారాక 26 కాస్తా 25 అవుతుంది. హైడ్రోమీటర్‌ని 20 డిగ్రీలకో 15.6 డిగ్రీలకో కాలిబ్రేట్ చేసి ఉంటారు, ఆ సంగతి లోపలి కాగితం మీదే రాసి ఉంటుంది. 20 డిగ్రీల హైడ్రోమీటర్‌ని 40 డిగ్రీల శాంపిల్‌లో వేస్తే ఆరు పాయింట్ల దాకా తక్కువ చూపిస్తుంది. కాస్త చల్లారనివ్వండి.

రెండు కొలతలూ కలిసి, అయినా గ్రావిటీ తక్కువే అంటే అప్పుడు నిజంగా మాష్‌లోనే లోపం. మొదట మాల్ట్ మర ఎలా పట్టిందో చూడండి. గింజలు గింజలుగా మిగిలితే ఏ ఫార్ములా కాపాడలేదు.

దీనికి ఉల్టా కేసు: ఓజీ షీట్ కన్నా ఎక్కువొస్తోంది. రెసిపీలో చక్కెర గానీ మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ గానీ ఉంటే, దాన్ని కూడా 70 శాతంతో గుణించి ఉంటారు. చక్కెరకి మాష్‌తో పని లేదు, నేరుగా కరుగుతుంది. అర కిలోకి మన 20 లీటర్లలో మూడు పాయింట్ల తేడా వస్తుంది. వాటికి వేరే వరుస, వంద శాతం.

చేదు లెక్క మతిపోయేలా ఉంది

హాప్స్ ఇచ్చే చేదుని అంచనా వేసే టిన్సెత్ ఫార్ములా వాడుతున్నారనుకుందాం. 5.5 శాతం ఆల్ఫా (చేదునిచ్చే ఆమ్లం) ఉన్న హాప్స్ 28 గ్రాములు, 20 లీటర్లు, 1.050 వోర్ట్, 60 నిమిషాలు. సరైన జవాబు సుమారు 18 ఐబీయూ (చేదుకి కొలమానం). మీ షీట్‌లో ఏ తప్పు అంకె వస్తోందో చూస్తే కారణం దానంతట అదే చెబుతుంది.

1,776 వస్తే 5.5ని శాతంగా కాక ఉత్త అంకెగా వేశారు. 0.00 వస్తే గ్రావిటీలోంచి 1 తీసేయడం మరిచారు: 0.000125కి ఘాతం 0.050 కావాలి, 1.050 కాదు. మైనస్ 196 వస్తే ఎక్స్‌ప్ లోపల 0.04 ముందు మైనస్ గుర్తు జారిపోయింది. ఒకటి కన్నా తక్కువొస్తే నిమిషాల సెల్‌లో 60 బదులు గంటని 1 అని రాశారు.

కోటిన్నర ఐబీయూ కనిపిస్తే కంగారుపడకండి, ప్యాకెట్ మీద ఉన్నట్టే "5-7" అని కొట్టారంతే. షీట్ దాన్ని తేదీ చేసేసింది. అమెరికా సెట్టింగ్‌లో మే 7, ఇంగ్లండ్‌లో జులై 5. ఎక్సెల్ తేదీని లోపల నలభై వేలు దాటిన అంకెగా దాచుకుంటుంది, అదే గుణకారంలోకి వెళ్లింది. ఆ సెల్‌లో రేంజ్ రాయొద్దు. ఆ ఏడాది పంట ప్యాకెట్ మీద అచ్చైన ఒకే అంకె రాయండి.

పేల్ ఏల్ రంగు ముదురుగా చూపిస్తోంది

రెండు కారణాలుంటాయి. బ్రిటిష్, యూరప్ మాల్ట్ బస్తాల మీద రంగు ఈబీసీ అనే కొలమానంలో ఉంటుంది, బీరు రంగు లెక్కకట్టే మోరీ ఫార్ములాకి లొవిబాండ్ అనే ఇంకో కొలమానం కావాలి. ఈబీసీ దాదాపు రెట్టింపు అంకె. మన 5 కిలోలకి 60 లొవిబాండ్ క్రిస్టల్ మాల్ట్ 300 గ్రాములు కలిపితే 8 ఎస్‌ఆర్‌ఎమ్ (బీరు రంగు కొలమానం) రావాలి, ఈబీసీ అంకెలు వేస్తే 13 వస్తుంది.

రెండోది వీలుకప్ (VLOOKUP), పట్టికలో మాల్ట్ పేరు వెతికి దాని అంకె తెచ్చే ఫంక్షన్. చివరి ఆర్గ్యుమెంట్‌గా ఫాల్స్ పెట్టకపోతే అది "దగ్గరగా ఉన్నదాన్ని" పట్టుకొస్తుంది, అక్షరక్రమంలో లేని పట్టికలో ఆ దగ్గరది రోస్టెడ్ బార్లీ కూడా కావచ్చు. ఫాల్స్ పెడితే తప్పు మాల్ట్ బదులు ఎన్‌ఏ ఎర్రర్ వస్తుంది, అదే మేలు. పేరు సరిగ్గా ఉన్నా ఎన్‌ఏ వస్తుంటే పేరు చివర కనపడని స్పేస్ ఉంది. ట్రిమ్ వాడండి. వెబ్‌పేజీ నుంచి పేస్ట్ చేసిన వాటిలో ట్రిమ్‌కి లొంగని స్పేస్ ఒకటి ఉంటుంది, దాన్ని కాపీ చేసి ఫైండ్ అండ్ రీప్లేస్‌లో వేసి తీసేయాలి. మొదటి వరుస బాగుండి కిందివన్నీ తప్పితే డాలర్ గుర్తులు పెట్టలేదు, పట్టిక రేంజ్ మీద ఉండి ఎఫ్4 నొక్కండి.

మాల్ట్ పెంచినా మొత్తం కదలడం లేదు

సెల్‌లో "5 కేజీ" అని అక్షరాలతో సహా కొట్టారు. అంకె కుడి అంచుకి కాకుండా ఎడమ అంచుకి అతుక్కుని ఉంటే అది షీట్ దృష్టిలో అంకె కాదు, సమ్ దాన్ని పట్టించుకోదు. 5 మాత్రమే రాసి, కేజీ అన్నది నంబర్ ఫార్మాట్‌లో పెట్టుకోండి. అదీ కాకపోతే ఎక్సెల్ మాన్యువల్ కాలిక్యులేషన్‌లో ఉండొచ్చు, ఎఫ్9 నొక్కితే తెలుస్తుంది.

బీరు ఇంకా తీపి మిగిలిందని షీట్ అంటోంది, తాగితే లేదు

చివరి గ్రావిటీని రిఫ్రాక్టోమీటర్‌తో (కాంతి వంగడాన్ని బట్టి చక్కెర కొలిచే పరికరంతో) చూశారా? ఆల్కహాల్ ఉన్నచోట అది తప్పుదారి పట్టిస్తుంది. మొదట 12 బ్రిక్స్ (చక్కెర శాతం) ఉన్న బీరు చివర్లో 6 చూపిస్తే, నేరుగా మార్చినప్పుడు 1.024 వస్తుంది. హైడ్రోమీటర్ వేస్తే 1.010 దరిదాపుల్లో ఉంటుంది. మొదటి, చివరి గ్రావిటీల తేడాని 131.25తో గుణించే ఏబీవీ (ఆల్కహాల్ శాతం) లెక్కలో ఇది 3.2కీ 5కీ మధ్య తేడా. మొదటి కొలతకి రిఫ్రాక్టోమీటర్, చివరిదానికి హైడ్రోమీటర్ వాడండి.

సీసా తెరిస్తే గ్యాస్ లేదు

ప్రైమింగ్ చక్కెర (సీసాలో గ్యాస్ పుట్టడానికి కలిపే చక్కెర) లెక్కలో, బీరులో అప్పటికే కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ని తీసేసే ఫార్ములా ఉంటుంది. తరచూ దొరికే రూపం ఫారెన్‌హీట్‌ది. 19 లీటర్లు, 20 డిగ్రీల సెల్సియస్, 2.4 వాల్యూమ్‌లు (బీరు పరిమాణానికి అన్ని రెట్ల గ్యాస్) కావాలంటే 68 అని వేస్తే సుమారు 112 గ్రాముల చక్కెర వస్తుంది. 20 అని వేస్తే 19 గ్రాములు. ఆ సెల్ ముందు సెల్సియస్‌ని మార్చే సెల్ ఒకటి పెట్టేయండి. ఫెర్మెంటేషన్ అయ్యాక బీరు చేరిన గరిష్ఠ ఉష్ణోగ్రతే అక్కడ వేయాలి, ఫ్రిజ్‌లోది కాదు.

గ్యాస్ ఎక్కువైతే మాత్రం అది ప్రమాదం, సీసాలు పగులుతాయి. లీటరుకి ఎన్ని గ్రాములో చూపే సెల్ పెట్టి, 8 దాటితే ఎర్రబడేలా కండిషనల్ ఫార్మాటింగ్ చేయండి. సీసాల్లోకి వెళ్లే లీటర్లతోనే లెక్క కట్టండి, 26తో కాదు. గ్రావిటీ వరసగా కొన్ని రోజులు కదలకుండా ఉందో లేదో చూడకుండా సీసాల్లో పోస్తే షీట్ ఎంత సరిగ్గా ఉన్నా లాభం లేదు.

సర్క్యులర్ రిఫరెన్స్ అని హెచ్చరిక

నీళ్ల లెక్క మాల్ట్ మీద, మాల్ట్ ఎఫిషియెన్సీ మీద, ఎఫిషియెన్సీ మళ్లీ నీళ్ల మీద ఆధారపడేలా రాశారు. ఇటరేటివ్ కాలిక్యులేషన్ ఆన్ చేస్తే హెచ్చరిక పోతుంది, తప్పు లోపలికెళ్లి దాక్కుంటుంది. దాని జోలికి పోవద్దు. ఎఫిషియెన్సీని మీ చేత్తో అంకెగా కొట్టండి, నీళ్లని ఫెర్మెంటర్ నుంచి వెనక్కి నడపండి: 20కి మడ్డి 2 కలిపితే 22, ఆవిరి 4 కలిపితే 26, మాల్ట్ కిలోకి లీటరు చొప్పున పీల్చుకునే 5 కలిపితే 31 లీటర్లు. పొయ్యి వెలిగించే ముందు పట్టాల్సింది అంత.