నెలల తరబడి నిలిపిన పాత కారు మొరాయిస్తోందా? సమస్య - పరిష్కారం

కీ తిప్పితే టక్ టక్‌మంటోంది, ఇంజిన్ మాత్రం తిరగట్లేదా? బ్యాటరీ దిగిపోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీ వాడకపోయినా మెల్లగా ఖాళీ అవుతూనే ఉంటుంది. నిండుగా ఉంటే 12.6 వోల్టుల దాకా చూపిస్తుంది, 12కి పడిపోయినదాన్ని అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక ఛార్జ్ పట్టదు. బండి నిలిపిన రోజే నెగటివ్ టెర్మినల్ తీసేసి, నిండగానే తనే తగ్గించుకునే ఛార్జర్ తగిలించండి.

ఇంజిన్ తిరుగుతుంది కానీ అందుకోదు, అందుకున్నా వెంటనే ఆగిపోతుంది. ఎక్కువమందిని ఏడిపించేది ఇదే, కారణం చాలాసార్లు పాత పెట్రోలే. ట్యాంకు మూత తీస్తే పాత పెయింట్ లాంటి ఘాటు వాసన కొడుతుంది. పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బురేటర్‌లో ఫ్లోట్ బౌల్ (పెట్రోల్ నిలిచే చిన్న గిన్నె) విప్పితే అడుగున గోధుమరంగు జిగురు, పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రపు జెట్‌ని వెలుతురుకి పట్టి చూస్తే రంధ్రంలోంచి వెలుగే రాదు. తేలికగా ఆవిరయ్యే భాగం పోయి మిగిలింది అలా గట్టిపడుతుంది. ఇథనాల్ కలిసిన పెట్రోల్ అయితే తేమ కూడా పీల్చుకుంటుంది, నీరు ఎక్కువైతే అడుగుకి దిగి ఇనుప ట్యాంకుని లోపల్నుంచే తినేస్తుంది. దానిమీదే కొత్త పెట్రోల్ పోసి నెట్టుకురావద్దు. పాత పెట్రోల్ మొత్తం దించేసి, జెట్లను క్లీనర్‌తో కడిగి గాలి కొట్టండి. తీగతో మాత్రం పొడవకండి, రంధ్రం కాస్త పెద్దదైనా పెట్రోల్-గాలి మిక్స్చర్ లెక్క తప్పుతుంది. ఈసారి నిలిపేటప్పుడు పెట్రోల్ త్వరగా పాడవకుండా చూసే స్టెబిలైజర్ కలిపి ట్యాంకు నింపి, అది కార్బురేటర్ దాకా చేరేలా కాసేపు నడపండి.

చక్రం కదలట్లేదంటే హ్యాండ్‌బ్రేక్ వేసి వదిలేసి ఉంటారు, బ్రేక్ షూలు డ్రమ్‌కి తుప్పుతో అతుక్కుపోయాయి. ఇంజిన్ బలంతో లాగితే షూల మీద రాపిడికి వేసిన లైనింగే ఊడొస్తుంది. జాకీ పెట్టి, కింద స్టాండ్ వేసి, డ్రమ్ చుట్టూ చిన్నగా కొట్టి వదిలించండి. నిలిపేటప్పుడు హ్యాండ్‌బ్రేక్ బదులు చక్రాలకు అడ్డు చెక్కలు పెట్టండి. బ్రేక్ ఫ్లూయిడ్ కూడా తేమ పీలుస్తుంది, రెండేళ్లకోసారి మార్చాల్సిందే.

టైర్లు ఒకచోట చదునైతే? కాస్త దూరం నడిపితే చాలావరకు సర్దుకుంటాయి.

వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపే అలవాటుంటే దయచేసి మానండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు, ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ చేరిన నీరు అక్కడే ఉండి తుప్పు పట్టిస్తుంది. తీస్తే అరగంట రోడ్డు మీద నడపండి, లేదంటే ముట్టుకోకండి. ప్లాస్టిక్ కవర్ కూడా వద్దు, గాలి ఆడే గుడ్డ కవరే మంచిది.

వైర్లు కొరికి ఉంటే ఎలుకలే. ఎయిర్ ఫిల్టర్ డబ్బాలో గూడు ఉందేమో చూశాకే స్టార్ట్ చేయండి. సైలెన్సర్ గొట్టంలో స్టీల్ పీచు కుక్కితే లోపలికి దూరవు, అది తీయాలని చీటీ రాసి స్టీరింగ్‌కి కట్టండి.