పడవ చెక్క కొసలకి జిగురు ఎలా పెట్టాలి

చెక్కని అడ్డంగా కోసిన ముఖం ఉంది చూడండి, అదే ఎండ్ గ్రెయిన్, దగ్గరగా చూస్తే సన్నసన్న గొట్టాల కట్టలా ఉంటుంది, చెట్టులో నీళ్లు పైకెక్కిన దారులే అవి. మనం రాసిన జిగురూ ఆ దారినే లోపలికి పోతుంది, అతుకులో ఏమీ మిగలదు. నా మొదటి పడవలో ఒక అతుకు ఇలాగే చేత్తో లాగితే ఊడొచ్చింది, చూస్తే రెండు ముఖాలూ పొడిపొడిగా ఉన్నాయి, జిగురు అంచున మాత్రమే ఉంది. తప్పు జిగురుది కాదు, నాదే.

ఏ జిగురంటారా, తెల్ల వుడ్ గ్లూ పడవకి వద్దు, ఎడతెగని బరువు పడితే మెల్లగా జారుతుంది. పాలియురెథేన్ జిగురు నురుగై పొంగి సందు నిండినట్టే ఉంటుంది గానీ ఆ నురుగులో బలం లేదు. రిసార్సినాల్ జిగురు నీళ్లకి మొండిది, కాకపోతే సందు లేకుండా కుదరాలి, గట్టిగా బిగించాలి, చలిలో సరిగా సెట్ అవదు. కొసలకి నా ఓటు ఎపాక్సీకే, అంటే రెజిన్, హార్డెనర్ అని రెండు డబ్బాల్లో వచ్చేది, రెండూ కలిపితేనే గట్టిపడుతుంది.

చెక్క తేమ 12 శాతం లోపుండాలి. 80 నంబర్ సాండ్‌పేపర్ పట్టి దుమ్ము దులపండి. రెజిన్, హార్డెనర్ డబ్బా మీదున్న కొలతే కలపండి, తొందరగా గట్టిపడుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎప్పటికీ మెత్తగానే ఉండిపోతుంది.

ముందు పొడి ఏదీ కలపని పల్చటి ఎపాక్సీ రాసి 10, 15 నిమిషాలు ఆగండి, మెరుపు పోయిందంటే తాగేసిందని లెక్క, మళ్లీ రాయండి, మెరుపు నిలిచేదాకా రాస్తూనే ఉండాలి. అది గట్టిపడకముందే సిలికా పొడి కలిపిన చిక్కటి ఎపాక్సీ పెట్టాలి, పుల్ల పైకెత్తితే కొన నిలబడి మెల్లగా వంగాలి, అదీ చిక్కదనం (ఈ పొడి కలిపేటప్పుడు మాస్క్ పెట్టుకోండి, ఊపిరితో లోపలికి పోతుంది). క్లాంప్ బిగిస్తుంటే అంచంతా సన్నగా పూసలు కడుతుంది, అక్కడే ఆపేయండి. ఇంకా బిగిస్తే తాగించినదంతా మీరే పిండేసినట్టు.

ఇంకోటి, పొద్దున ఎండెక్కేటప్పుడు రాస్తే గొట్టాల్లో గాలి వేడెక్కి బుడగలు తంతుంది, సాయంత్రం చల్లబడేటప్పుడు రాస్తే అదే గాలి ముడుచుకుని ఎపాక్సీని లోపలికి లాగుతుంది. నేనైతే సాయంత్రమే రాస్తా.

ఇంత చేసినా కొసకి కొస పెట్టిన అతుకు ఒంటరిగా బరువు మోయదు. పలక పొడవు పెంచాలంటే రెండు కొసలూ ఏటవాలుగా చెక్కి ఒకదాని మీద ఒకటి అతికించండి, దీన్నే స్కార్ఫ్ అంటారు, ఆ ఏటవాలు పొడవు ప్లైవుడ్‌కి మందానికి 8 రెట్లు, అంటే 6 మిల్లీమీటర్ల షీటుకి 48 మిల్లీమీటర్లు, తెరచాప కొయ్యకైతే 12 రెట్లు. చోటు లేకపోతే వెనక అడ్డచెక్క వెయ్యాల్సిందే. ఏటవాలు కోతలోనూ గొట్టాల నోళ్లు తెరుచుకునే ఉంటాయి, దానికీ ముందు పల్చటిదే తాగించాలి.