చెవులపిల్లి గెంతే వేళ, పడుకునే వేళ: ఇంట్లో పెంచేవాళ్లు ఏం గమనించాలి

పగలు పదకొండు గంటలకు చెవులపిల్లి, అంటే కుందేలు, ఓ మూల నక్కి కదలకుండా ఉంటే కంగారు పడక్కర్లేదు. సాయంత్రం ఆరున్నరకు, గరిక కట్ట విప్పుతున్న చప్పుడు విని కూడా అలాగే కూర్చుంటే మాత్రం పట్టించుకోవాలి. కదలడం లేదన్న మాట ఒక్కటే చాలదు, ఏ వేళకు కదలడం లేదో చూడాలి.

కుందేలుకు పూర్తి పగలూ వద్దు, పూర్తి రాత్రీ వద్దు. తెల్లారుజామున, సందకాడ చురుగ్గా తిరుగుతుంది. మన ఇళ్లలో దాని రోజు ఇంచుమించు ఇలా నడుస్తుంది: ఐదు కొట్టకముందే లేచి ఎనిమిది దాకా మేత, పరుగులు. తొమ్మిదికల్లా నెమ్మదిస్తుంది. పైటాలంతా, అంటే పది నుంచి నాలుగు దాకా, కునుకులు. ఐదు దాటాక మళ్లీ లేచి తొమ్మిది, పది దాకా జోరుగా తిరుగుతుంది. అర్ధరాత్రి దాటాక కొంత నిద్ర, మధ్యమధ్య లేచి నాలుగు పరకలు నమలడం. మొత్తం మీద ఎనిమిది గంటల దాకా నిద్రపోతుంది గానీ ఏకబిగిన కాదు, చిన్న చిన్న ముక్కలుగా.

మన దగ్గర ఎక్కువ ఇళ్లలో దీనికి తలకిందులుగా చేస్తారు. పిల్లకాయలు నాలుగింటికి బడి నుంచి రాగానే నిద్రలో ఉన్నదాన్ని బయటికి లాగి ఆడిస్తారు. ఏడింటికి, అది సరిగ్గా హుషారెక్కే వేళకు, బోనులో వేసి గుడ్డ కప్పేస్తారు. ఇక రాత్రంతా ఊచలు కొరుకుతూ, నీళ్ల గిన్నె తిరగేస్తూ ఉంటుంది. మొండిది అని తిట్టుకుంటాం, తప్పు దానిది కాదు. సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా, తెల్లారి ఐదు నుంచి ఏడు దాకా బయట తిరగనిస్తే ఈ గోల చాలా వరకు పోతుంది. రోజుకు కనీసం మూడు నాలుగు గంటలు బోను బయట ఉండాలి. వసారాలో పది అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు కంచె కడితే మరీ మంచిది. బోను అడుగు తీగల జల్లెడైతే పాదాలు పుండ్లు పడి కదలడమే మానేస్తుంది. దాని మీద ఈతచాప పరవండి. కొరికినా నష్టం లేదు.

నిద్రపోతోందా, ఊరికే కూర్చుందా అన్నది కళ్లు చూసి చెప్పలేం. కుందేలు చాలాసార్లు కళ్లు తెరిచే నిద్రపోతుంది. ముక్కు చూడండి. మెలకువగా ఉంటే ముక్కు అదురుతూనే ఉంటుంది. కునుకులో నెమ్మదిస్తుంది, గాఢనిద్రలో ఆగిపోతుంది. చెవులు వీపు మీదికి వాలతాయి. కాళ్లన్నీ పొట్ట కిందికి ముడుచుకుని కూర్చుంటే తేలికపాటి విశ్రాంతి. వెనక కాళ్లు బారజాపి పొట్ట నేలకు ఆనించిందంటే నమ్మకంగా ఉన్నట్టు. ఒక్కోసారి ఉన్నట్టుండి ధబ్బున పక్కకు పడి, పొట్ట తెల్లగా కనిపించేలా కదలకుండా ఉండిపోతుంది. కొత్తవాళ్లు చచ్చిపోయిందని హడలిపోతారు. పక్కటెముకలు పైకీ కిందికీ ఆడుతున్నాయో చూడండి. ఆడుతుంటే హాయిగా పడుకున్నట్టే. ముట్టుకుని లేపకండి, నిద్రలో ముట్టుకుంటే ఉలిక్కిపడి ఎగిరి కాలు విరగ్గొట్టుకోగలదు.

దీనికి పూర్తిగా వేరే సంగతి ఒకటుంది. కొందరు కుందేలును వెల్లకిలా ఒళ్లో పడుకోబెట్టి నిద్రపుచ్చామని ఫోన్లో వీడియో తీస్తారు. అది నిద్ర కాదు. పులి నోటికి చిక్కిన జంతువులా భయంతో బిగుసుకుపోవడం. ఆ ఆట మాన్పించండి.

గాల్లోకి ఎగిరి నడుము మెలితిప్పి పడటం సంతోషం. పళ్లు సన్నగా కటకటలాడించడం నిమిరినందుకు. అదే గట్టిగా పళ్లు నూరుతూ ఒళ్లు గూని చేసుకుని, కళ్లు సగం మూసుకుంటే నొప్పి. వెనక కాలితో నేలను టప్‌మని కొట్టడం ప్రమాదం ఉందన్న హెచ్చరిక. దీపావళి టపాకాయలకు, వినాయక చవితి డీజేకు రాత్రంతా కొట్టే కుందేళ్లున్నాయి. ఆ రోజుల్లో బోనును లోపలి గదికి మార్చండి. విశ్రాంతి వేళ మూతి వెనక్కి పెట్టి ఏదో తింటుంటే అసహ్యపడొద్దు. నల్లగా నిగనిగలాడే మెత్తటి గుత్తి పెంటికలవి, వాటిని తినడం దాని ఆరోగ్యానికి అవసరం.

ఇక ఎండాకాలం. మన దగ్గర అసలు పరీక్ష ఇదే. కుందేలుకు చెమట పట్టదు, ఒంట్లో వేడిని ముఖ్యంగా చెవుల ద్వారా వదులుకుంటుంది. 28 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది మొదలవుతుంది, మనకేమో నెల్లూరు, ఒంగోలు రోహిణి కార్తెలో 40 దాటిపోతాయి. అందుకని మేలో పగలంతా నేలకు కరుచుకుని పడుకోవడం, సాయంత్రపు హుషారు ఎనిమిది తర్వాతికి జరగడం మామూలే. దాని వేళలు మారాయని భయపడకండి, మీ వేళలు మార్చుకోండి.

నీడన ఒక కడప బండ గానీ, మార్కాపురం పలకరాయి గానీ వేసి మధ్యాహ్నం రెండుసార్లు తడిగుడ్డతో తుడవండి, దాని మీదే పడుకుంటుంది. లీటరు నీళ్ల సీసా గడ్డకట్టించి పాత తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. చెమట లేని ఒంటికి ఒట్టి ఫ్యాను గాలి పెద్దగా పని చేయదు. కూలర్ పొదిలి, కనిగిరి వైపు పొడిగాలికి బాగా పని చేస్తుంది గానీ, కావలి, సింగరాయకొండ లాంటి సముద్రం పక్క ఊళ్లలో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఒట్టి ఉక్కపోత మిగులుతుంది. అక్కడ కిటికీలు తెరిచి, బండా సీసాలనే నమ్ముకోవాలి. రేకుల షెడ్డులో మాత్రం ఏం చేసినా పెట్టకండి.

నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే, మూతి తడిసి చొంగ కారుతుంటే, చెవులు కాలుతూ తల వాలిపోతుంటే వడదెబ్బే. చెవులను చల్లటి నీళ్లతో తడపండి. మంచునీళ్లలో ముంచొద్దు, నోట్లో నీళ్లు పోయొద్దు. తడుపుతూనే ఆసుపత్రికి బయల్దేరండి.

మీ కుందేలుకు ఏది మామూలో తెలియాలంటే ఒక వారం రాసిపెట్టుకోవాలి. తెల్లారి ఐదున్నర, పగలు పదకొండు, మూడు, సాయంత్రం ఆరున్నర, రాత్రి పది: ఈ ఐదు వేళల్లో ఏం చేస్తోందో ఒక్క ముక్క చాలు. పొద్దున ఊడ్చేటప్పుడు పెంటికలు ఎన్ని, ఎంత సైజు చూడండి. రోజుకు సుమారు 200 నుంచి 300, గుండ్రంగా, పొడిగా, ఒకే సైజులో ఉండాలి. నిద్రలో ఉన్నప్పుడు 15 సెకన్లలో పక్కటెముకలు ఎన్నిసార్లు ఆడాయో లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిమిషానికి 30 నుంచి 60 మామూలు. ఎండ ముదిరితే కొంత పెరుగుతుంది.

వయసును బట్టి ఇదంతా మారుతుంది. చిన్నపిల్లలు ఎక్కువ నిద్రపోతాయి. నాలుగైదు నెలల వయసులో ఇల్లు పీకి పందిరేస్తాయి. ఐదారేళ్లు దాటాక నెమ్మదిస్తాయి గానీ, గట్టు ఎక్కలేకపోవడం, ఉచ్చలోనే కూర్చోవడం ముసలితనమని వదిలేయకండి. కీళ్లనొప్పి కావచ్చు. వెనక భాగం తడిగా ఉంటే ఈగలు గుడ్లు పెట్టి ఒకటి రెండు రోజుల్లోనే పురుగు పడుతుంది. రోజూ తిప్పి చూడాలి.

ఆడది ఉన్నట్టుండి గడ్డి నోట కరుచుకుని తిరుగుతూ, పొట్ట మీద బొచ్చు పీక్కుంటుంటే ఈనబోతోందన్నమాట. చూలు దాదాపు 31 రోజులు. మగది తోడు లేకపోయినా ఒట్టి చూలుతో ఇలా చేయొచ్చు. ఈనాక తల్లి పిల్లల దగ్గర ఉండటం లేదని చాలామంది పిల్లలను తీసి ఆవుపాలు పోసి చంపుకుంటారు. తల్లి రోజుకు ఒకటి రెండుసార్లే, అదీ రాత్రో తెల్లారుజామునో కొద్ది నిమిషాలు పాలిచ్చి దూరంగా పోతుంది. పొద్దున పిల్లల పొట్టలు గుండ్రంగా ఉంటే తాగినట్టే.

వీటన్నిటిలో ఆలస్యం అసలు పనికిరానిది ఒకటుంది. పది పన్నెండు గంటలు మేత ముట్టకపోయినా, పెంటికలు వేయకపోయినా పేగు ఆగిపోయినట్టు లెక్క. రేపు పొద్దున చూద్దాం అనుకోవద్దు. చెవులు చల్లబడి ఒళ్లు వేలాడుతుంటే ఇంకా తొందర. మనుషుల మాత్రలు ముక్కలు చేసి వేయకండి. ఎండలో తీసుకెళ్లాల్సి వస్తే అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, గుడ్డ చుట్టిన చల్లసీసా ఓ పక్కన ఉంచండి. చివరిసారి వేసిన పెంటికలు నాలుగు కవర్లో కట్టి, రాసిన కాగితంతో పాటు డాక్టరు చేతికివ్వండి.