చూడటానికి వెళ్తున్నారా, చూసుకోవడానికా? అమెరికా బయల్దేరే అమ్మానాన్నలకు జాగ్రత్తలు

ఏప్రిల్ చివరికొచ్చేసరికి శంషాబాద్ విమానాశ్రయంలో అర్ధరాత్రి దాటాక చూడాలి. కాటన్ చీర మీద స్వెటర్, కాళ్ళకు కొత్త స్పోర్ట్స్ షూ వేసుకున్న అమ్మలు, మెడలో పాస్‌పోర్టు సంచి వేలాడేసుకున్న నాన్నలు, చెరి రెండు 23 కిలోల పెట్టెలు. మే నెలలో పిల్లల గ్రాడ్యుయేషన్, లేదంటే కూతురి పురుడు, లేదంటే కొడుకు కొత్తిల్లు. చాలామందికి అదే మొదటి విదేశీ ప్రయాణం. వాళ్ళ టికెట్టు, వీసా కాపీ, చేరాల్సిన ఇంటి అడ్రసు అన్నీ పిల్లలు పంపిన వాట్సాప్ మెసేజీల్లో ఉంటాయి. అవతల దిగాక ఆ ఫోనుకి సిగ్నల్ ఉండదు. నాకు భయం వేసేది అక్కడే.

మా అమ్మకి అదే జరిగింది. అమెరికాలో దిగిన మొదటి విమానాశ్రయంలో ఆఫీసర్ ఎందుకొచ్చారని అడిగితే, కోడలికి నెలలు నిండాయి, బిడ్డని చూసుకోవడానికి వచ్చానని తనకొచ్చిన ఇంగ్లీషులో "బేబీ కేర్" అంది. అమ్మ దృష్టిలో అంతకంటే నిజం లేదు. కానీ ఆ ఆఫీసర్ చెవికి అది ఆయా ఉద్యోగంలా వినిపించింది. పక్క గదికి పంపారు. రెండున్నర గంటలు కూర్చోబెట్టి, చివరికి ఫోన్లో తెలుగు అనువాదకుడిని కలిపి మాట్లాడించాక వదిలారు. బయట అన్నయ్య, లోపల అమ్మ. ఇద్దరికీ ఒకరి సంగతి ఒకరికి తెలియదు.

మనకి చూడటం, చూసుకోవడం రెండూ ప్రేమే. విజిటర్ వీసా లెక్కలో మాత్రం అవి రెండు వేర్వేరు పనులు. బీ1/బీ2 అనే ఈ విజిటర్ వీసా మీద బంధువుల ఇంటికి వెళ్ళొచ్చు, తిరగొచ్చు, వైద్యం చేయించుకోవచ్చు. ఉద్యోగం చేయకూడదు. సొంత మనవడిని ఎత్తుకోవడం ఉద్యోగం కాదు, దాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ "బేబీ సిట్టింగ్" లాంటి మాట వాడితే, జీతమిచ్చి పెట్టుకోవాల్సిన మనిషి బదులు మిమ్మల్ని తెప్పించుకున్నారేమో అన్న అనుమానం మొదలవుతుంది. అబద్ధం చెప్పమనడం లేదు, ఎప్పుడూ చెప్పొద్దు. ఉన్న నిజాన్ని సరైన మాటలో చెప్పండి. మా అబ్బాయి కుటుంబాన్ని చూడటానికి వచ్చాం, మనవడు పుట్టబోతున్నాడు, మూడు నెలలుంటాం, ఫలానా తేదీకి రిటర్న్ టికెట్ ఉంది. సాయం చేస్తారా అని అడిగితే, మా ఇంట్లో మా వాళ్ళతో ఉంటాం, జీతం ఏమీ లేదని ఉన్నదున్నట్టు చెప్పండి. ఇంగ్లీషు రాకపోతే తడుముకుంటూ ఏదో ఒకటి అనేయకండి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" అన్న మూడు మాటలు నేర్చుకుని వెళ్ళండి. అలా అడగడం తప్పేమీ కాదు.

ఎన్నాళ్ళుంటారు అన్న ప్రశ్నకి "మావాడు పంపినప్పుడు వెళ్తాం" అనే జవాబు అస్సలు పనికిరాదు. టికెట్టు మీద ఉన్న తేదీ చెప్పండి. భార్యాభర్తలు వెళ్తుంటే ఇద్దరి నోటా అదే తేదీ రావాలి.

అసలు వీసా అంటే ఏమిటో ముందు మనసులో స్పష్టంగా ఉండాలి. పదేళ్ళ మల్టిపుల్ ఎంట్రీ వీసా చేతికి రాగానే పదేళ్ళపాటు ఎప్పుడు కావాలంటే అప్పుడు, ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు అనుకుంటారు. వీసా మిమ్మల్ని గుమ్మం దాకా తీసుకెళ్తుంది, అంతే. లోపలికి రానివ్వాలా, ఎన్నాళ్ళు ఉండనివ్వాలా అన్నది విమానాశ్రయంలోని ఆఫీసర్ నిర్ణయం. ఆ నిర్ణయం రాసి ఉండే రికార్డు పేరు ఐ-94. ఇప్పుడది కాగితం కాదు, ఆన్‌లైన్లో ఉంటుంది. విజిటర్లకు మామూలుగా ఆరు నెలలు ఇస్తారు. మే 10న దిగితే సాధారణంగా నవంబర్ 9 దాకా అన్నమాట. మీ వీసా 2034 దాకా ఉన్నా సరే, మీరు కదలాల్సింది ఐ-94లో ఉన్న తేదీలోపే.

ఇల్లు చేరిన మర్నాడే పిల్లల చేత ఐ-94 తీయించి ప్రింటు వేయించుకోండి. పేరు, పాస్‌పోర్టు నంబరు, వీసా తరగతి, చివరి తేదీ ఒక్కొక్కటే వేలు పెట్టి చదవండి. తప్పుంటే సరిచేయించుకునే ఆఫీసులున్నాయి, ఆలస్యం చేస్తే కష్టం. పాస్‌పోర్టు గడువు దగ్గరపడి ఉంటే ఐ-94 తేదీని కూడా అక్కడిదాకే కుదించవచ్చు. అందుకే ఏడాదిలోపు గడువు ముగిసే పాస్‌పోర్టుని ఇక్కడే రెన్యూ చేయించుకుని వెళ్ళడం మేలు. వీసా పాత పాస్‌పోర్టులో ఉండిపోతే కంగారు అక్కర్లేదు. ఆ పేజీ చించకుండా, పాతదీ కొత్తదీ రెండూ పట్టుకెళ్ళండి.

తేదీ దాటితే ఏమవుతుందో కూడా చెప్పాలి. ఒక్కరోజు ఎక్కువ ఉన్నా ఆ వీసా చెల్లకుండా పోతుంది. 180 రోజులు మించి అక్రమంగా ఉండి వస్తే మూడేళ్ళు, ఏడాది, అంతకు మించి ఉంటే పదేళ్ళు మళ్ళీ అడుగుపెట్టనివ్వరు. నిజంగానే అనారోగ్యమో ఆపరేషనో వచ్చి ఉండిపోవాల్సి వస్తే, గడువు పొడిగింపు కోసం ఐ-539 అనే దరఖాస్తు ఉంది. దాన్ని ఐ-94 తేదీకి ముందే వేయాలి, కనీసం 45 రోజుల ముందు వేయడం మంచిది. డాక్టర్ ఉత్తరం జతచేయండి. ఆరు నెలలు అక్కడ, నెల ఇక్కడ, మళ్ళీ ఆరు నెలలు అక్కడ అన్నట్టు తిరగడం కూడా వద్దు. వీళ్ళు చుట్టపుచూపుగా వస్తున్నారా, కాపురమే పెట్టారా అని ఆఫీసర్‌కి సందేహం రావడం సహజం.

వీసా ఇంకా రాని వాళ్ళకు రెండు మాటలు. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారం ఎవరు నింపినా సరే, సబ్‌మిట్ చేసేముందు మీరు కూర్చుని తెలుగులో చెప్పించుకుని వినండి. మా పెదనాన్నగారి ఫారం ఒక ఏజెంటు నింపాడు. అమెరికాలో దగ్గరి బంధువులున్నారా అన్న చోట "లేరు" అని పెట్టాడు. సొంత కూతురు అక్కడే ఉంది! అలా పెడితే వీసా తొందరగా వస్తుందని ఆయనకి చెప్పాడట. ఇంటర్వ్యూకి పదిరోజుల ముందు నా కంటపడింది కాబట్టి కొత్త ఫారం నింపి, ఆ నంబరు అపాయింట్‌మెంటుకి కలిపించాం. ఊరికే వీసా నిరాకరిస్తే మళ్ళీ ప్రయత్నించవచ్చు. అబద్ధం చెప్పారని రికార్డుకెక్కితే జీవితాంతం తలుపు మూసుకుపోవచ్చు. సంతకం పెదనాన్నగారిది, ఏజెంటుది కాదు.

హైదరాబాద్‌లో ఇంటర్వ్యూ నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో జరుగుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. తాతగారికి ఎనభై దాటాయి కదా, ఇంటర్వ్యూ ఉండదులే అనుకోకండి. 2025 సెప్టెంబర్ నుంచి 79 దాటిన వాళ్ళు కూడా మామూలుగా వెళ్ళాల్సిందే.

పేరు సంగతి మన తెలుగువాళ్ళకి ప్రత్యేకం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే అమెరికా వీసా మీద ఆ పేరంతా ఇంటిపేరు స్థానంలోకి వెళ్ళి, అసలు పేరు దగ్గర "ఎఫ్‌ఎన్‌యూ" (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, అంటే పేరు తెలియదు) అని పడుతుంది. ఇక టికెట్టు దగ్గర తికమక మొదలు. వీలైతే పాస్‌పోర్టు దశలోనే ఇంటిపేరు విడిగా వేయించుకోండి. టికెట్టు మీద పేరు పాస్‌పోర్టుతో అక్షరం పొల్లుపోకుండా సరిపోవాలి.

దారి ఎంచుకునేటప్పుడు టికెట్టు ధర ఒక్కటే చూడకండి. దోహా, దుబాయ్ మీదుగా వెళ్తే విమానం మారడానికి విడిగా వీసా అక్కర్లేదు. యూరప్ మీదుగా అయితే కొన్ని విమానాశ్రయాల్లో మనవాళ్ళకు ట్రాన్సిట్ వీసా అడుగుతారు, చెల్లే అమెరికా వీసా ఉంటే మినహాయింపు ఉంటుంది. ఇందులో ఒక మెలిక ఉంది. మీరు అక్కడ ఉండగా వీసా గడువు ముగిసినా ఐ-94 తేదీ దాకా ఉండటం తప్పు కాదు, కానీ తిరుగు ప్రయాణంలో ఆ మినహాయింపు వర్తించకపోవచ్చు. అలాంటప్పుడు గల్ఫ్ దారి సుఖం. అబుదాబి మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అక్కడే అయిపోతుంది. కాబట్టి ప్రశ్నలు అబుదాబిలోనే మొదలవుతాయి, సిద్ధంగా ఉండండి. మిగతా దారుల్లో సాధారణంగా అమెరికాలో మొదట దిగిన ఊళ్ళోనే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటి, మళ్ళీ అప్పగించాలి. పెద్దవాళ్ళకి అక్కడ కనీసం మూడు గంటల వ్యవధి ఉండేలా టికెట్టు తీయమని పిల్లలకు చెప్పండి. వీల్‌చైర్ టికెట్టుతో పాటే అడగండి, మొహమాటపడొద్దు.

ఇక పెట్టెల్లో ఏముందన్నది. ఆవకాయ, గోంగూర పచ్చడి, కారప్పొడులు, అరిసెలు తీసుకెళ్ళొచ్చు. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కుదరవు, ఎంత నూనెలో ఉన్నా మాంసం మాంసమే. బంగినపల్లి మామిడిపళ్ళు కుదరవు. పచ్చి కరివేపాకు కుదరదు, దాంతో పాటు వచ్చే పురుగు నిమ్మ, నారింజ తోటలకు తెగులు తెస్తుందని భయం. మన ఇంటి కొత్త బియ్యం కూడా వద్దు. ధాన్యాన్ని తినేసే ఖప్రా పురుగు కారణంగా ఇక్కడి బియ్యాన్ని, ముడి శనగల్ని ప్రయాణికుల సామానులో ఒప్పుకోరు. గృహప్రవేశం హోమానికని పిడకలు పెట్టుకెళ్ళే వాళ్ళు కూడా ఉన్నారు. 2021లో వాషింగ్టన్ డల్లెస్ విమానాశ్రయంలో భారత్ నుంచి వచ్చిన ఒక పెట్టెలో రెండు పిడకలు దొరికితే, పశువుల గాలికుంటు వ్యాధి భయంతో వాటిని నాశనం చేశారు.

అన్నిటికంటే ముఖ్యం, తిండి ఉందా అని అడిగితే ఉందని చెప్పండి. చెప్పాక ఏదైనా కుదరదంటే తీసి పారేస్తారు, అంతటితో సరి. దాచితే 10 వేల డాలర్ల దాకా జరిమానా వేయొచ్చు. పొలానికి వెళ్ళారా, పశువుల్ని ముట్టుకున్నారా అని కూడా అడుగుతారు. పాడి ఉన్న ఇంటివాళ్ళు దాచనక్కర్లేదు, నిజం చెప్పి, ప్రయాణానికి పాకలో తిరిగిన చెప్పులు కాకుండా శుభ్రమైన జోడు వేసుకోండి. డబ్బు విషయంలో, కుటుంబం మొత్తం దగ్గర కలిపి 10 వేల డాలర్లు దాటితే చెప్పి తీరాలి. ఒంటి మీద బంగారం ఎక్కువగా ఉంటే ఇక్కడ బయల్దేరేటప్పుడే కస్టమ్స్ వాళ్ళ దగ్గర ఎగుమతి సర్టిఫికెట్ తీసుకోండి, తిరిగొచ్చేటప్పుడు గొడవ ఉండదు.

మందులు చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వద్దు. స్ట్రిప్పుల్లోంచి తీసి డబ్బాల్లో పోయకండి. డాక్టర్ చీటీలో కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు రాయించుకోండి. మనం పారాసెటమాల్ అనేదాన్నే అక్కడ అసిటమినోఫెన్ అంటారు, డోలో అంటే ఎవరికీ తెలియదు. ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం విమానం ఎక్కొద్దు. చట్టం అడగదు కానీ ఒక్క రాత్రి ఆస్పత్రిలో ఉంటే వచ్చే బిల్లు కొడుకు ఇంటి వాయిదాలను తలకిందులు చేస్తుంది. బీపీ, షుగరు లాంటి పాత జబ్బులకు ఎంతవరకు ఇస్తారో అడిగి తీసుకోండి. వయసు పెరిగేకొద్దీ చాలా పాలసీల్లో ఇచ్చే మొత్తం తగ్గిపోతుంది.

అక్కడున్నన్నాళ్ళు ఇంకొకటి. తెలిసినవాళ్ళ దుకాణంలో కాసేపు కౌంటర్ దగ్గర కూర్చోవడం, పక్కింటి పిల్లల్ని డాలర్లకు చూసుకోవడం, పచ్చళ్ళు పెట్టి అమ్మడం ఇవన్నీ విజిటర్ వీసాకి విరుద్ధమే. ఊసుపోక చేశామన్నా, స్నేహితుడి కోసం చేశామన్నా ఒప్పుకోరు. ఆఫీసర్లు ఫోన్ తెరిచి చూడొచ్చు కూడా.

బయల్దేరే ముందురోజు ఒక తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో కొడుకు లేదా కూతురు పేరు, ఇంటి అడ్రసు, రెండు ఫోన్ నంబర్లు, రిటర్న్ తేదీ ఇంగ్లీషులో రాసి పాస్‌పోర్టులో పెట్టుకోండి. టికెట్టు ప్రింటు, ఇన్సూరెన్స్ కార్డు, మందుల చీటీ దాని వెనకే. భార్యాభర్తలు వెళ్తుంటే రెండు కాగితాలు, ఎవరి సంచిలో వాళ్ళకి. క్యూలో విడిపోతే ఆ కాగితమే దిక్కు. రెండోసారి వెళ్ళినప్పుడు మా అమ్మ ఆ కాగితాన్ని చేత్తో పట్టుకునే నిలబడింది. ఆఫీసర్ అడిగింది రెండే ప్రశ్నలు, స్టాంపు వేసి పంపేశాడు.

తిరిగొచ్చాక బోర్డింగ్ పాస్‌లు పారేయకండి. ఐ-94లో మీరు వెళ్ళిపోయినట్టు నమోదైందో లేదో ఆన్‌లైన్లో చూసుకోండి. పడకపోతే మీరు గడువులోపే వచ్చేశారనడానికి సాక్ష్యాలు ఆ ముక్కలూ, మన దేశపు అరైవల్ స్టాంపూ.