పంటి డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు పిల్లల ముక్కు చూడండి

పిల్లల పుచ్చుపళ్ళ పని సంక్రాంతి సెలవుల్లో పూర్తి చేయిద్దామని కోనసీమలోనూ భీమవరం చుట్టుపక్కలా చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. సూది పేరు వింటేనే వణికిపోయే పిల్లలకు ముక్కు మీద చిన్న తొడుగు పెట్టి, ఆక్సిజన్‌లో కలిపిన నైట్రస్ ఆక్సైడ్‌ను పీల్పించే పద్ధతి ఉంది. 1844లో హోరేస్ వెల్స్ అనే అమెరికా దంతవైద్యుడు తన పన్నే పీకించుకుని పరీక్షించి చూసిన వాయువు ఇదే. దీనితో బిడ్డ నిద్రపోదు. పిలిస్తే పలుకుతుంది, నోరు తెరవమంటే తెరుస్తుంది, భయం మాత్రం సడలుతుంది. పన్ను మొద్దుబారడానికి చిగుళ్ళకు ఇచ్చే సూది మాత్రం చాలావరకు తప్పదు.

ఈ వాయువు ముక్కు ద్వారానే లోపలికి వెళ్ళాలి, పుష్యమాసపు మంచేమో పిల్లల ముక్కులను దిబ్బడ వేయించే కాలం. అందుకే బయలుదేరే రోజు ఉదయం బిడ్డను నోరు మూసుకోమని, చేతి అద్దాన్ని ముక్కు కింద పెట్టి చూడండి. అద్దం మీద రెండు ఆవిరి మచ్చలు పడాలి. ఒకటే పడినా, గుక్క తిప్పుకోవడానికి బిడ్డ నోరు తెరిచినా, డాక్టరుకు ఫోను చేసి తేదీ మార్చుకోవడమే మంచిది. తొడుగు పెట్టిన తరువాత నోటితో పీల్చే బిడ్డకు వాయువు సరిగా అందదు. అందనిదాన్ని భయం తగ్గలేదని పొరబడి, బిడ్డను గట్టిగా పట్టుకుని పని కానిచ్చేస్తే ఆ బిడ్డ మళ్ళీ ఆ గుమ్మం తొక్కదు.

చెవిపోటు, చీము కారడం, ఈ మధ్య చెవికో కంటికో జరిగిన ఆపరేషను, విటమిన్ బి12 లోపం, ఆయాసం, వాడుతున్న మందులు, ఇవేవీ దాచకండి. మూసుకుపోయిన చెవిలో ఈ వాయువు చేరి ఒత్తిడి పెంచుతుంది. గర్భవతి అయిన తల్లి ఆ గదిలో ఉండకుండా, తోడుగా అమ్మమ్మనో నాన్ననో పంపాలి.

దిబ్బరొట్టె కడుపునిండా తినిపించి తీసుకువెళితే వాంతి కావచ్చు. రెండు గంటల ముందు ఒక ఇడ్లీ వంటి తేలిక ఆహారం సాధారణంగా చాలు; వేరే మత్తుమందు కూడా ఇస్తామంటే మాత్రం ఉపవాసపు లెక్క మారుతుంది కనుక డాక్టరు చెప్పిన గంటలనే పాటించాలి.

"అల్లరి చేస్తే డాక్టరు సూది పొడుస్తాడు" అని ఏడాది పొడవునా బెదిరించిన ఇంట్లో ఏ వాయువైనా సగమే పనిచేస్తుందని నా అభిప్రాయం. "అస్సలు నొప్పి పుట్టదు" అనీ మాట ఇవ్వకండి. కాళ్ళూ చేతులూ తేలిపోతున్నట్టు ఉంటుందని మాత్రం చెప్పండి.

పని అయ్యాక కొద్ది నిమిషాలు ఆక్సిజన్ ఒక్కటే పీల్పిస్తారు. తొందరపడి బిడ్డను కుర్చీలోంచి లేపమని అడగకూడదు. తిరుగు ప్రయాణంలో బిడ్డను మోటారు సైకిలు వెనుక ఒంటరిగా కూర్చోబెట్టకుండా ఇద్దరు పెద్దలు ఆటోలోనో బస్సులోనో తీసుకురావాలి. ఇంటికి చేరాక రెండు మూడు గంటల పాటు పెదవి మొద్దుగానే ఉంటుంది; తెలియక కొరుక్కుంటే మరునాటికి పుండు పడుతుంది కనుక, ఆ మొద్దు పూర్తిగా వదిలేదాకా అరిసె ముక్క కూడా చేతికివ్వకండి.