చెరువు అడుగు మట్టిలో పాత వానల జాడ చదివే పద్ధతి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వేసవి వచ్చిందంటే రైతులు చెరువుల పూడిక మట్టిని పొలాలకు తోలుకుంటారు. వరద తెచ్చిన ఒండ్రు, నాచు, ఆకు, పుప్పొడి ఏళ్ల తరబడి ఒకదానిపై ఒకటి పేరుకుని ఆ మట్టి అయింది. వానలు దండిగా కురిసిన కాలానికీ, చెరువు ఎండిన కాలానికీ అందులో గుర్తులు మిగులుతాయి. వాటిని చదవదలచిన డిగ్రీ విద్యార్థుల కోసం పని క్రమాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది చెరువును ఎంచుకోవడం. తొందరపాటు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే. ఏటా ఎండి బీటలు వారే చెరువులో పై మట్టి బీటల్లోకి జారి పొరలు కలిసిపోతాయి, గాలి తగిలి పుప్పొడి నశిస్తుంది. పూడిక తీసిన చోటైతే కొన్ని దశాబ్దాల చరిత్రే లేకుండా పోతుంది. అందువల్ల మట్టి తీసే పైపును చెరువు అడుగులోకి దించకముందే ఊరి పెద్దలనూ, ఆయకట్టు రైతులనూ కలిసి, నీరు ఏ వేసవిలో పూర్తిగా ఎండింది, మట్టి ఎప్పుడు ఏ మూల తవ్వారు, గట్టుకు గండి ఎప్పుడు పడింది అని అడిగి రాసుకోవాలి. గట్టు కట్టిన చెరువులో పూడిక వయసు గట్టు వయసును మించదు. వేల ఏళ్ల వెనక్కి వెళ్లాలంటే నౌపడ వైపు చిత్తడి నేలల వంటి సహజమైన పల్లాలను చూడాలి. అయితే అక్కడ సముద్రపు ప్రభావాన్నీ వానల ప్రభావాన్నీ వేరుచేసి చూడక తప్పదు.

వాగు కలిసే చోటు, మదుము, అలుగు, ఈ మూడింటికీ దూరంగా, లోతైన నిశ్చలమైన చోట మట్టి తీయాలి. రెండు దోనెలను జతకట్టి పైన పలకలు పరిస్తే నిలబడి పని చేయవచ్చు. ఆరేడు సెంటీమీటర్ల వ్యాసం గల పి.వి.సి. పైపు కింది అంచును పదును చేసి, తిప్పకుండా నిటారుగా నెమ్మదిగా దించాలి. పై మూతిని రబ్బరు బిరడాతో గట్టిగా మూసి పైకి లాగి, కింది మూతి నీటిలో ఉండగానే దానికీ మూత వేయాలి. ఒకసారి నేను పైపును ఆటోలో అడ్డంగా పడుకోబెట్టి తెచ్చాను. పైనున్న పది సెంటీమీటర్ల మెత్తని మట్టి అంతా కలిసిపోయింది. ఇటీవలి తుపానుల కాలం ఉండవలసింది ఆ భాగంలోనే. కనుక పైపు ఇల్లు చేరేదాకా నిటారుగానే ఉండాలి, పక్కపక్కన రెండు పైపులు తీయాలి.

పైపును నిలువునా చీల్చినప్పుడు మట్టి నల్లగా, కుళ్లిన గుడ్డు వాసనతో ఉంటుంది. గాలి తగిలిన కొద్దిసేపటికే గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి స్కేలు పక్కన పెట్టి వెంటనే ఫొటో తీయాలి. వేళ్ల మధ్య వెన్నలా జారే బంకమట్టి నడుమ ఒకచోట ఇసుక గరగరమంటే అది పెద్ద వరద గుర్తు కావచ్చు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస వైపు తీరం దాటిన తిత్లీ వంటి తేదీ తెలిసిన తుపానులతో పై పొరలను పోల్చి చూడాలి. గండి పడినా ఇసుక వస్తుంది. పెద్దలు చెప్పిన మాటలు అప్పుడు అక్కరకొస్తాయి.

తరువాత సెంటీమీటరు చొప్పున ముక్కలు కోసి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా ఆరబెట్టి తూచి, 550 డిగ్రీల వద్ద నాలుగు గంటలు కాల్చి మళ్లీ తూచాలి. తగ్గిన బరువు సేంద్రియ పదార్థానిది.

వయసు కట్టడానికి, గడచిన 100–150 ఏళ్లకు సీసం-210 అనే రేడియోధార్మిక సీసం సరిపోతుంది. దాని అర్ధాయువు, అంటే అది సగానికి తరిగే కాలం, సుమారు 22 ఏళ్లు. అణు పరీక్షల నుంచి రాలిన సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం అత్యధికంగా ఉన్న పొర 1963 ప్రాంతాన్ని చూపుతుంది, కానీ ఉష్ణమండలంలో అది పలుచగా పడింది. అంతకు పాత పొరలకు 5,730 ఏళ్ల అర్ధాయువు గల కార్బన్-14 కావాలి. నత్తగుల్లను మాత్రం పంపవద్దు; నీటిలోని సున్నపు కార్బన్ వల్ల అది లేని ముసలితనాన్ని చూపుతుంది. నేల మీద పెరిగిన మొక్క ఆకు, విత్తనం, బొగ్గు ముక్క మేలు.

మట్టిలోని కార్బన్ ఐసోటోపుల (కార్బన్-12, కార్బన్-13 అనే బరువు తేడా గల రూపాల) నిష్పత్తిని బట్టి అక్కడ ఎలాంటి మొక్కలు పెరిగాయో అంచనా వేస్తారు. ఈ విషయంలో మన ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కొకటి ఉంది. వెయ్యికి ఇంత అని లెక్కించే ఈ విలువ వరికి మైనస్ 27 దగ్గర, చోడికి మైనస్ 13 దగ్గర ఉంటుంది; వరి వైపు విలువను తేమ కాలానికి, చోడి వైపు విలువను పొడి కాలానికి గుర్తుగా తీసుకుంటారు. చోడి పండిన మెట్టకు కాలువ నీరు వచ్చి వరి వేస్తే, వాతావరణం తేమగా మారిందన్నట్టే మట్టి పలుకుతుంది. అదే లోతులో పుప్పొడి, డయాటములు (గాజు వంటి గుల్ల గల సూక్ష్మ నాచు), మట్టి రేణువుల పరిమాణం కూడా ఆ మాటే చెబితే తప్ప దానిని వానల మార్పుగా రాయకూడదు.

చీల్చిన పైపులో రెండో సగాన్ని ముట్టుకోకుండా ప్లాస్టిక్ చుట్టి, 4 డిగ్రీల వద్ద దాచి, చెరువు పేరు, తేదీ, అక్షాంశ రేఖాంశాలతో పాటు పై వైపు ఏదో చూపే బాణం గుర్తును చెరగని సిరాతో వేయాలి.