పి53 బ్యాండ్ అసలు రావట్లేదా, మరీ ఎక్కువ వస్తోందా? ముందు ఇవి చూడండి

పి53 అంటే క్యాన్సర్‌ని అడ్డుకునే ప్రోటీన్ (ట్యూమర్ సప్రెసర్). కణాల్లోని ప్రోటీన్‌ని యాంటీబాడీతో పట్టి చూసే వెస్టర్న్ బ్లాట్ పరీక్షలో అది బ్యాండ్‌గా, అంటే గీతలా, కనపడుతుంది.

సమస్య: ఆర్‌ఎన్‌ఏ బాగానే ఉంది, వెస్టర్న్ బ్లాట్‌లో పి53 బ్యాండ్ మాత్రం లేదు

చాలామంది వెంటనే యాంటీబాడీ మీద పడతారు. కాస్త ఆగండి. మామూలు కణంలో పి53 హాఫ్ లైఫ్ (ఉన్నది సగానికి తగ్గే సమయం) 20-30 నిమిషాలే, కణం దాన్ని ఓపక్క తయారుచేస్తూనే ఉంటుంది, ఇంకోపక్క ఎండీఎం2 అనే ప్రోటీన్ దానికి యుబిక్విటిన్ అనే ట్యాగ్ తగిలించి, ప్రోటీన్లని విరగ్గొట్టే ప్రోటియాసోమ్‌కి పంపేస్తూనే ఉంటుంది, అందుకే ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉన్నా ప్రోటీన్ నిలవదు.

ప్రోటియాసోమ్‌ని ఆపే ఎంజీ132 ఒక 10 మైక్రోమోలార్ వేసి 4 గంటలు ఉంచి చూడండి. బ్యాండ్ వచ్చిందా, అయితే ప్రోటీన్ తయారవుతోంది, ఎవరో విరగ్గొడుతున్నారు. అప్పటికీ రాకపోతే అప్పుడు యాంటీబాడీని అనుమానించండి, లేదా మీది సావోస్2, హెచ్1299 లాంటి పి53 లేని సెల్ లైనేమో చూసుకోండి.

విరగ్గొట్టేది ఎవరో తేలాలంటే ఎండీఎం2ని పి53కి అంటుకోనివ్వని నట్లిన్-3 వేయండి. పి53 పెరిగితే దొంగ ఎండీఎం2నే. లైపోసార్కోమా అనే కొవ్వు కణజాల క్యాన్సర్లలో ఎండీఎం2 జీన్ కాపీలే పెరిగిపోయి ఉంటాయి, కొన్ని ట్యూమర్లలో దాన్ని అదుపు చేసే ఏఆర్ఎఫ్ ప్రోటీన్ పోయి ఉంటుంది. హీలా అనే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణాల్లో కథ వేరు, అక్కడ హెచ్‌పీవీ18 వైరస్ వాళ్ళ ఈ6 ప్రోటీన్ వచ్చి ఈ6ఏపీ అనే, ఎండీఎం2 లాగే యుబిక్విటిన్ తగిలించే ఇంకో లైగేజ్‌ని తోడు తెచ్చుకుని పని కానిచ్చేస్తుంది, కాబట్టి నట్లిన్‌తో పెద్దగా లాభం ఉండదు, ఈ6ని ఎస్‌ఐఆర్‌ఎన్‌ఏతో (జీన్‌ని అణిచే చిన్న ఆర్‌ఎన్‌ఏ) తగ్గిస్తే పి53 తిరిగొస్తుంది.

సమస్య: బ్యాండ్ నల్లగా దిట్టంగా ఉంది, పి21 (పి53 ఆన్ చేసే ప్రోటీన్) మాత్రం పెరగట్లేదు

దీన్ని చూసి సంబరపడొద్దు! ఎండీఎం2 జీన్‌ని ఆన్ చేసేదే పి53, ఆర్175హెచ్ లాంటి మ్యుటేషన్ ఉంటే ఆ పని చేయలేదు, తనని విరగ్గొట్టే ఎండీఎం2 కూడా తగ్గిపోతుంది, దానికి తోడు ప్రోటీన్లని నిలబెట్టే హెచ్‌ఎస్‌పీ90 దాన్ని కాపాడుతూ ఉంటుంది, అలా పనికిరాని ప్రోటీన్ పేరుకుపోతుంది. నాకైతే బ్యాండ్ సైజు చూసి ట్యూమర్ సప్రెసర్ బాగుంది అనేవాళ్ళని చూస్తే చిరాకు. జీన్ సీక్వెన్స్ చేయించండి, మ్యుటేషన్ తేలితే నట్లిన్ దండగ. హెచ్‌ఎస్‌పీ90 ఇన్హిబిటర్ వేస్తే ఆ బ్యాండ్ తగ్గుతుందేమో చూడొచ్చు.

సమస్య: సైక్లోహెక్సిమైడ్ చేజ్‌లో (కొత్త ప్రోటీన్ తయారీ ఆపి, ఉన్నది ఎంతసేపట్లో తగ్గుతుందో చూడటం) హాఫ్ లైఫ్ తేలట్లేదు

టైమ్ పాయింట్లు 0, 2, 4, 8 గంటలు పెట్టి ఉంటారు. మామూలు పి53 మొదటి 2 గంటల్లోనే దాదాపు ఖాళీ. 0, 10, 20, 30, 45, 60 నిమిషాలకి తీయండి. పీటెన్ అనే ఇంకో ట్యూమర్ సప్రెసర్‌కి మాత్రం ఇదే లెక్క పెట్టొద్దు, అది చాలాసేపు నిలుస్తుంది, గంటల్లోనే చూడాలి.

సమస్య: యుబిక్విటిన్ స్మియర్ (ట్యాగ్‌లు తగిలిన ప్రోటీన్ బ్లాట్‌లో మరకలా సాగడం) కనపడట్లేదు

కణాల్ని లైస్ చేశాక (పగలగొట్టాక) కూడా డీయుబిక్విటినేజ్‌లు పని ఆపవు, ట్యాగ్‌లు పీకేస్తూనే ఉంటాయి. లైసిస్ బఫర్‌లో ఆ ఎంజైమ్‌లని ఆపే ఎన్-ఇథైల్‌మాలిమైడ్ అప్పటికప్పుడు కలపండి, హార్వెస్ట్‌కి ముందు ఎంజీ132 ఇవ్వండి. అదే బఫర్‌లో డీటీటీ (డైసల్ఫైడ్ బంధాలు విడగొట్టే రసాయనం) ఉంటే తీసేయండి, అది ఎన్-ఇథైల్‌మాలిమైడ్‌ని తినేస్తుంది, డీటీటీ ఏదైనా తర్వాత లోడింగ్ డై వేసేటప్పుడే.